కడప అని వెతికితే దొరకని కడప

కడప

చిరంజీవి బాబుకు పెద్దమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివాను. ‘రాయలసీమలో పంతొమ్మిదో శతాబ్దపు కరువులు’ అని గ్రంథాలయ కేటలాగులో (పుస్తకాల జాబితాలో) కొడితే ఒక్క పుస్తకమూ రాలేదనీ, పరిశోధనకు వేరే అంశం చూసుకోవాలేమోననీ రాశావు. అంశం మార్చుకోవద్దు. మన కరువుల మీద రాసిన పుస్తకాలు చాలానే ఉన్నాయి. అవి నువ్వు రాసిన మాటల కింద లేవు, అంతే. ఉద్యోగ జీవితమంతా గ్రంథాలయంలోనే గడిపినదాన్ని కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

గూగుల్‌కు అలవాటుపడినవాళ్లు కేటలాగు కూడా పుస్తకం లోపలి పుటలను చదువుతుందనుకుంటారు. చదవదు. ఒక్కో పుస్తకానికి అందులో ఒక చిన్న రికార్డు ఉంటుంది: పేరు, రచయిత, ప్రచురణకర్త, సంవత్సరం, రెండు మూడు విషయ శీర్షికలు (పుస్తకం దేని గురించో చెప్పే మాటలు), ఎక్కడైనా ఒక వివరణ వాక్యం. నువ్వు కొట్టిన మాటలన్నీ ఆ నాలుగు వరుసల్లో ఉంటేనే పుస్తకం తెర మీదికి వస్తుంది. నాలుగు మాటలు కొట్టి, అందులో ఒక్కటి అక్కడ లేకపోయినా సాధారణంగా ఫలితం సున్నా. అందుకే ఒకటి రెండు మాటలతో మొదలుపెట్టు. ఎక్కువ వస్తే తగ్గించుకోవడం సులభం.

తెలుగులో వెతికేటప్పుడు విభక్తులు తీసెయ్యి. మనకు ‘రాయలసీమలో’, ‘రాయలసీమ’ ఒకటే, యంత్రానికి అవి రెండు వేరు మాటలు. ‘కరువులు’ అని అడిగితే ‘కరువు’ను వదిలేస్తుంది. మాట మొదటి భాగం మాత్రం రాసి చివర నక్షత్రం గుర్తు పెడితే, చాలా కేటలాగుల్లో ఆ తరువాత ఏముందో పట్టించుకోకుండా అన్నిటినీ తెస్తుంది. సాహిత్యం, సాహిత్యము, సాహిత్యంలో అన్న మూడింటికీ ‘సాహిత్య’ పక్కన ఒక్క నక్షత్రం చాలు. పాత పుస్తకాల్లో కరువును బండి ఱతో ‘కఱవు’ అని రాశారు, అది కూడా విడిగా కొట్టి చూడు. క్షామం, దుర్భిక్షం, అనావృష్టి అనే మాటలూ మరచిపోవద్దు. రచయిత ఏ మాట వాడి ఉంటాడో ఆలోచించి, అలాంటివన్నీ ఒక కాగితం మీద రాసుకున్నాకే కంప్యూటర్ ముందు కూర్చో.

ఇక అసలు చిక్కు ఊళ్ల పేర్లతో. 1800లో నిజాం మన ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి అప్పగించినప్పటి నుంచి దీన్ని ఇంగ్లీషులో సీడెడ్ డిస్ట్రిక్ట్స్ అన్నారు, తెలుగులో దత్త మండలాలు అన్నారు. రాయలసీమ అన్న పేరు 1928లో నంద్యాలలో జరిగిన ఆంధ్ర మహాసభల తరువాతే స్థిరపడింది. మరి 1876-78 నాటి మహా కరువును కళ్లారా చూసి రాసినవాడు రాయలసీమ అని ఎలా రాస్తాడు? మన కడపనే చూడు. 2005లో అధికారికంగా మారేదాకా ఇంగ్లీషులో దాన్ని సి, యు, రెండు డిలు, ఎ, పి, ఎ, హెచ్ అని రాసేవారు. జిల్లా వివరాలన్నీ చెప్పే ప్రభుత్వ పుస్తకాలు, 1875లో వచ్చిన జిల్లా మాన్యువల్, 1915లో వచ్చిన జిల్లా గెజిటీర్, రెండింటి మీదా ఉన్నది ఆ పేరే. ఇప్పటి పద్ధతిలో కె అక్షరంతో వెతికేవాడికి అవి కనిపించకపోవచ్చు. ఎంత విలువైన పుస్తకాలో అవి!

నువ్వు ఉంటున్న అనంతపురం సంగతి ఇంకా ముఖ్యం. ఆ జిల్లా 1882లో బళ్లారి నుంచి విడిపోయి ఏర్పడింది. అంటే మహా కరువు నాటికి అనంతపురం జిల్లా లేనే లేదు. అక్కడి జనం బాధలన్నీ బళ్లారి పేరు మీద నమోదయ్యాయి. 1872లో వచ్చిన బళ్లారి జిల్లా మాన్యువల్‌ను నువ్వు అనంతపురం పుస్తకంగానే చదవాలి. పైగా 1953 దాకా మనం మద్రాసులో భాగం. ప్రభుత్వ నివేదికలకు రచయిత స్థానంలో మనిషి పేరు బదులు మద్రాసు ప్రభుత్వమో, అందులో ఒక శాఖో ఉంటుంది. ఆథర్ అన్న గడిలో మద్రాస్ అనీ, టైటిల్ గడిలో ఫామిన్ అనీ ఇచ్చి చూడు.

అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ లాంటి పెద్ద గ్రంథాలయాల్లోనూ మన తెలుగు పుస్తకాలు చాలా ఉన్నాయి. వాటి పేర్లను రోమన్ లిపిలో ఒక నిర్ణీత పద్ధతిలో రాస్తారు. అందులో ‘చ’కు సి ఒక్కటే, ‘త’కు టి ఒక్కటే, పక్కన హెచ్ ఉండదు. ‘చరిత్ర’ అన్న మాటను మనం ఫోనులో సి, హెచ్ అని మొదలుపెడతాం, వాళ్ల రికార్డులో సి తరువాత నేరుగా ఎ వస్తుంది. ఆ ఒక్క హెచ్ వల్ల ఎన్నో చరిత్ర గ్రంథాలు చేతికి అందకుండా పోతాయి. అక్షరాల మీద గీతలు, కింద చుక్కలు ఉంటాయి కానీ వాటిని సాధారణంగా టైపు చేయనక్కర్లేదు. రచయితల పేర్లకు ఇంటిపేరు ముందా వెనకా అన్న అనుమానం వస్తే ఆథర్ గడిని వదిలేసి, కీవర్డ్ గడిలో పేరులోని ఒక్క ముక్క ఇవ్వు.

ఇంత చేశాక ఒక్క సరైన పుస్తకం దొరుకుతుంది. అప్పుడు చాలామంది దాని నంబరు రాసుకుని కేటలాగు మూసేస్తారు. నువ్వు అలా చెయ్యకు, అసలు పని అక్కడే మొదలవుతుంది. ఉదాహరణకు మహా కరువు మీద విలియం డిగ్బీ 1878లో రెండు సంపుటాలు ప్రచురించాడు. పేరులో దక్షిణ భారతం అనే ఉంది, కడప లేదు, బళ్లారి లేదు. నువ్వు జిల్లా పేరుతో ఎంత వెతికినా అది రాదు. ఫామిన్, ఇండియా అని వెడల్పుగా అడిగితే వస్తుంది. ఆ రికార్డు పూర్తిగా తెరిచి కిందికి వెళ్లు. విషయ శీర్షిక దగ్గర ఫామిన్స్ అని బహువచనంలో, దాని పక్కన ఇండియా అని కనిపిస్తుంది. దాని మీద నొక్కితే అదే శీర్షిక ఉన్న మిగతా పుస్తకాలన్నీ వరుసగా వస్తాయి. కేటలాగు తయారుచేసినవాళ్లు వాడిన మాట నీకు తెలిసిపోయింది కాబట్టి ఇక ఊహలతో పనిలేదు. ఆ తరువాత వర్గ సంఖ్య చూడు, అంటే విషయాన్ని బట్టి పుస్తకానికి ఇచ్చే అంకె. డ్యూయీ అనే వర్గీకరణ పద్ధతి పాటించే గ్రంథాలయాల్లో ఆహార కొరత, కరువు 363.8 దగ్గర, దక్షిణ భారత చరిత్ర 954.8 దగ్గర, తెలుగు సాహిత్యం 894.827 దగ్గర ఉంటాయి. కరువు పాటలు, కథలు కావాలంటే ఈ చివరి దాని దగ్గరికి వెళ్లాలి.

రెండు మాటలు పక్కపక్కనే ఉండాలంటే వాటిని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టు. రెండింటిలో ఏది ఉన్నా ఫరవాలేదంటే మధ్యలో ఆర్ అని ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో రాయి. కడప పాత స్పెల్లింగునూ కొత్తదాన్నీ ఇలా కలిపి ఒకేసారి అడగవచ్చు. ఒక మాట ఉన్నవాటిని తీసేసే నాట్ జోలికి వెళ్లకు, పనికొచ్చేవి కూడా ఎగిరిపోతాయి.

కేటలాగులో లేదంటే గ్రంథాలయంలో లేదని అర్థం కాదు. కంప్యూటర్ వచ్చాక కొన్నవాటిని ఎక్కించి, పాతవాటిని ఇంకా ఎక్కించని చోట్లు ఎన్నో. కార్డుల సొరుగులు, యాక్సెషన్ రిజిస్టర్లు (వచ్చిన పుస్తకాలకు వరుస నంబరు వేసి రాసే పుస్తకాలు) చూపించమని అక్కడివాళ్లను అడుగు. మొహమాటపడకు, అడిగినవాళ్లకు సహాయం చేయడం గ్రంథపాలకులకు ఇష్టమైన పని. మీ దగ్గర దొరకనిది ఏ విశ్వవిద్యాలయంలో ఉందో ఇండ్‌క్యాట్ అనే ఉమ్మడి కేటలాగులో, ప్రపంచంలో ఎక్కడుందో వరల్డ్‌క్యాట్‌లో తెలుస్తుంది. ఇదే అంశం మీద ముందు ఎవరైనా పరిశోధన చేశారేమో, సిద్ధాంత గ్రంథాలు ఉండే శోధగంగ వెబ్‌సైట్‌లో చూడు. ఆ సిద్ధాంత గ్రంథాల చివర ఉండే పుస్తకాల పట్టికలు నీకు ఎంతో శ్రమ తప్పిస్తాయి.

సెలవులకు వచ్చినప్పుడు ఇక్కడి ఎర్రముక్కపల్లెలోని సి.పి. బ్రౌన్ గ్రంథాలయానికి వెళదాం. కైఫీయత్తులు (ఊళ్ల స్థానిక చరిత్రలు) చూడాలి, కరువుకు పాడుపడిన ఊళ్ల ప్రస్తావనలు వాటిలో వెతుకుదాం. ఆ మాటను కైఫియత్ అనీ కైఫీయతు అనీ రకరకాలుగా రాస్తారు, ముందే అన్ని రూపాలూ రాసి పెట్టుకో. పుస్తకం పేరు, వర్గ సంఖ్య, యాక్సెషన్ నంబరు మూడూ ఉన్న పట్టిక తయారుచేసి ఒక వారం ముందుగా నాకు పంపు.

ప్రేమతో,
పెద్దమ్మ