అమ్మమ్మ అంగిలి మీద తెల్ల మచ్చ

"పల్లెల్లో అందరికీ దంతవైద్యం అందాలంటే ఏం చేయాలి?" అని అడిగారు. ముందు నోరు తెరిపించి చూసే మనిషి ఊళ్ళోకి రావాలి. కుర్చీలు, మెషీన్లు ఆ తర్వాత సంగతి. మా ఇంట్లో కళ్ళారా చూశాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మా అమ్మమ్మది భీమిలి దగ్గర సముద్రం ఒడ్డు పల్లె. నలభై ఏళ్ళు చేపల గంప మోసింది. మా వైపు ఆడవాళ్ళకు అడ్డపొగ అలవాటు. చుట్టను నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని పీలుస్తారు. సముద్రపు గాలికి ఆరదు, రెండు చేతులూ గంప మీదే ఉంచుకోవచ్చు. ఆ వేడంతా అంగిలికి తగులుతుంది. ఈ అలవాటుకూ అంగిలి క్యాన్సర్‌కూ సంబంధం ఉందని బొంబాయి టాటా మెమోరియల్ ఆసుపత్రి డాక్టర్ ఖనోల్కర్ 1945లోనే రాశారు. ఆ మాట మా ఊరికి మాత్రం ఎవరూ తెచ్చి చెప్పలేదు.

"ఏటోరా, ఏం తిన్నా నోరు మండిపోతంది" అనేది అమ్మమ్మ. కూరలో కారం తగ్గించాం. ఊళ్ళో ఆర్‌ఎంపీ ఇచ్చిన బి-కాంప్లెక్స్ మాత్రలతో మూడు నెలలు గడిచిపోయాయి.

ఆ తర్వాత ఒకరోజు బడి వరండాలో పళ్ళ క్యాంపు పెట్టారు. ఉచితంగా పేస్టు ఇస్తారని వెళ్ళింది అమ్మమ్మ. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, ఇంటర్న్ అమ్మాయి ఒక చేత్తో ఫోన్ టార్చి, ఇంకో చేత్తో చిన్న అద్దం పట్టుకుని, "అమ్మమ్మా, తల వెనక్కి వాల్చు" అంది. చూసి, అద్దం తుడుచుకుని మళ్ళీ చూసింది. నన్ను కూడా పిలిచి చూపించింది. అంగిలంతా తెల్లగా గట్టిపడి, మధ్యమధ్య ఎర్ర చుక్కలు, ఒక పక్క పెసరగింజంత పుండు. చీటీ రాసిచ్చి, "ఆలస్యం చేయకండి" అంది. నాకు కాళ్ళు వణికాయి.

ఆటోలో భీమిలి, అక్కడి నుంచి విశాఖకు బస్సు, దిగాక మళ్ళీ ఆటో. చూపించడానికి ఒకసారి, పరీక్ష కోసం పుండు దగ్గర చిన్న ముక్క తీయించడానికి ఒకసారి, రిపోర్టుకి ఇంకోసారి. మూడు రోజుల కూలి పోయింది. క్యాన్సర్ కాలేదు గానీ, అలాగే వదిలేస్తే అయ్యేదన్నారు.

క్యాంపుల వాళ్ళ మీద నాకు ఒక కోపం ఉంది. చాలామంది బ్యానర్ కట్టి, బ్రష్షులు పంచి, ఫొటో దిగి వెళ్ళిపోతారు. అంగిలి చూసేవాళ్ళు తక్కువ. పిప్పి పన్ను ఉందని చెప్పి "పట్నం రండి" అంటారు. ఆ పన్ను అక్కడే పీకితే ఏం పోయింది? విశాఖలో మద్దిలపాలెం నుంచి సిరిపురం దాకా అడుగుకో పళ్ళ ఆసుపత్రి బోర్డు. మా ఊళ్ళో దవడ వాస్తే లవంగమే దిక్కు.

30 ఏళ్ళు దాటిన వాళ్ళ నోరు పరీక్షించాలని 2016 నుంచి కేంద్రం మార్గదర్శకాల్లోనే ఉంది. ఏఎన్‌ఎంకి ఒక అద్దం, ఒక టార్చి ఇచ్చి, మచ్చ ఎలా ఉంటుందో నేర్పితే చాలు. సామాజిక ఆరోగ్య కేంద్రంలో పళ్ళ డాక్టరు ఉండాలి. అక్కడే ముక్క తీసి, సీసాలో పెట్టి పట్నానికి పంపొచ్చు కదా. డెబ్బై ఏళ్ళ మనిషిని మూడుసార్లు తిప్పడం దేనికి?

అమ్మమ్మ చుట్ట మానేసింది. వచ్చే నెల మళ్ళీ చూపించాలి. అదే ఆటో, అదే బస్సు.