గైడ్ సంగతి తర్వాత, ముందు అమ్మగారి ఇన్సూరెన్స్ చూడండి

ప్రశ్న: అక్టోబరులో నేను, నా భార్య, 13 ఏళ్ల మా అబ్బాయి, 69 ఏళ్ల మా అమ్మ అయిదు రోజుల కోసం రోమ్ వెళ్తున్నాం. ఇంకా మూడు నెలల టైమ్ ఉంది. విమానం టికెట్లకు, హోటల్‌కు డబ్బు కట్టేశాం. సొంతంగా తిరుగుదామని నేనంటున్నాను, ప్రైవేటు గైడ్ ఉండాల్సిందేనని మా ఆవిడ అంటోంది. ఒక గైడ్ పూటకు 240 యూరోలు చెప్పారు, నాలుగు పూటలకు 960. చేతిలో డబ్బు కదపకుండా క్రెడిట్ కార్డు మీద 12 నెలల ఈఎంఐ పెట్టాలనుకుంటున్నాను. వడ్డీ నెలకు 1.25 శాతమేనట. బ్యాంకులో నెలన్నర ఇంటి ఖర్చులకు సరిపడా ఉంది, హోమ్ లోన్ నడుస్తోంది. వీసా కోసం అన్నిటికన్నా తక్కువ ప్రీమియం ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ చూసుకున్నాం. అమ్మకు బీపీ, షుగర్ ఉన్నాయి. గైడ్‌ను పెట్టుకోవడం మంచిదా, సొంతంగా తిరగడం మంచిదా?

జవాబు: టూర్ ప్రశ్నలకు నేను సాధారణంగా జవాబివ్వను. మీది తీసుకోవడానికి కారణం అందులో చివరి ప్రశ్నకు ముందున్న అయిదు వాక్యాలు. ఇంట్లో భార్యాభర్తలు గైడ్ కావాలా వద్దా అని వాదించుకుంటూ కూర్చున్నారు. అప్పు గురించి, నెలన్నర డబ్బు గురించి, అమ్మగారి ఇన్సూరెన్స్ గురించి మాత్రం ఎవరూ వాదించుకోలేదు. అవన్నీ అప్పుడే తేలిపోయాయన్నట్టు రాశారు. నా దగ్గరికి వచ్చే వాళ్లలో చాలామంది చేసే పొరపాటు ఇదే. కనిపించే ఖర్చు మీద గంటలు గంటలు చర్చ పెడతారు, కనిపించని దాన్ని సంతకం పెట్టేసి మర్చిపోతారు.

ముందు ఆ 1.25 శాతం సంగతి. అది ఫ్లాట్ వడ్డీ అయితే, అంటే మొదట తీసుకున్న మొత్తం మీదే చివరిదాకా వేసేదైతే, లెక్క ఇదీ. 960 మీద నెలకు 1.25 చొప్పున 12 నెలలకు 15 శాతం, అంటే 144 యూరోలు. మొత్తం 1,104. నెలకు 92. ఇంతేగా అనిపిస్తుంది. కానీ ఆరో నెల వచ్చేసరికి మీరు అసలులో దాదాపు సగం తీర్చేసి ఉంటారు, అయినా వడ్డీ మాత్రం మొదటి రోజు 960 మీదే కడుతుంటారు. తగ్గుతున్న బాకీ మీద లెక్కేస్తే ఇది ఏడాదికి 26 శాతం దాటుతుంది. మీ హోమ్ లోన్‌కు ఇలాంటి వడ్డీ అడిగితే బ్యాంకు మేనేజరుతో పోట్లాడి బయటికొచ్చేవారు. ఫోన్లో ఎవరో తియ్యగా "1.25 మాత్రమే సార్" అనేసరికి సరే అనేస్తున్నారు. ప్రాసెసింగ్ ఫీజు ఉంటే అది దీనికి అదనం.

వడ్డీకన్నా నాకు ఎక్కువ చిరాకు తెప్పించే విషయం ఇంకొకటుంది. ఈఎంఐగా మార్చిన మొత్తం మేరకు మీ కార్డు లిమిట్ బ్లాక్ అవుతుంది. పరాయి దేశంలో ఆసుపత్రి కౌంటర్ దగ్గర నిలబడినప్పుడు మీ చేతిలో ఉండే ఒకే ఒక్క ఆయుధం ఆ కార్డు. చిన్న చికిత్సలకు చాలా పాలసీల్లో ముందు మనం కట్టి, బిల్లులు దాచుకుని, తర్వాత క్లెయిమ్ చేసుకోవాలి. అప్పుడు పనికొచ్చే లిమిట్‌ను మీరు మూడు నెలల ముందే గైడ్‌కు తాకట్టు పెట్టేస్తున్నారు.

ఇక ఇన్సూరెన్స్. ఇక్కడ కాస్త విసిగిస్తాను, ఓపిక పట్టండి.

ఇటలీతో సహా చాలా యూరప్ దేశాలకు పనిచేసే షెంజెన్ వీసాకు కనీసం 30,000 యూరోల కవర్ ఉండాలన్నది రూలు. అత్యవసర వైద్యం, ఆసుపత్రి చికిత్స, అవసరమైతే మనిషిని స్వదేశానికి చేర్చే ఖర్చు అందులోకి రావాలి. ఇది వీసా ఇచ్చేవాళ్లు పెట్టుకున్న కనీస హద్దు. ఆ పాలసీ కాగితం ఫైల్లో ఉంటే వీసా వస్తుంది, అక్కడితో దాని పని అయిపోయినట్టే. అదే కాగితం మీ అమ్మగారికి పనికొస్తుందా లేదా అన్నది వేరే ప్రశ్న. దానికి జవాబు పాలసీ మొదటి పేజీలో ఉండదు, లోపల చిన్న అక్షరాల్లో ఉంటుంది. ముందు నుంచీ ఉన్న జబ్బుల వల్ల వచ్చిన చికిత్సకు డబ్బు ఇవ్వని పాలసీలు ఉన్నాయి. ప్రాణం మీదికొస్తేనే, అదీ ఒక పరిమితి దాకానే ఇచ్చేవి ఉన్నాయి. బీపీ, షుగర్ ఉన్న 69 ఏళ్ల మనిషికి విదేశంలో ఏ ఇబ్బంది వచ్చినా, "ఇది పాతదే కదా" అనడానికి కంపెనీకి దారి దొరుకుతుంది. ఫారంలో ఆ రెండూ రాయకుండా ప్రీమియం తగ్గించుకుందాం అని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. దాచిపెట్టి కట్టిన ప్రీమియం నీళ్లలో పోసినట్టే.

రోమ్ అనగానే నాకు ముందు కొలీసియం గుర్తురాదు, కింద రాళ్లు గుర్తొస్తాయి. పాత వీధుల్లో పిడికెడంత నల్ల రాళ్లు పరిచి ఉంటాయి, వాటిని సాంపియెత్రీని అంటారు. వాన పడితే మెరుస్తాయి, జారతాయి. మధ్యలో ఒకటి లేచి ఉంటుంది, పక్కది దిగి ఉంటుంది. మనం తలెత్తి గోపురాలు చూస్తూ నడుస్తాం, కాలు వాటిలో ఇరుక్కుంటుంది. ఫోరమ్‌లో, అంటే పాత రోమ్ నగర కూడలి శిథిలాల్లో అయితే, పురాతన దారిలో పెద్ద పెద్ద బండలు, ఒక్కోటి ఒక్కో ఎత్తులో. మోకాళ్లు బాగున్న వాళ్లే చూసుకుని అడుగేయాలి. మీ టూర్లో అందరికన్నా ఎక్కువ రిస్క్ ఉన్నది అమ్మగారి చీలమండకు. దానికి కవర్ ఉందా? గైడ్ ఉన్నా లేకపోయినా ఆ రాళ్లు అక్కడే ఉంటాయి.

కాబట్టి అమ్మగారికి మాత్రం విడిగా, పాత జబ్బులకు కూడా వర్తించే పాలసీ చూడండి. కొనేముందు కంపెనీకి ఈమెయిల్ రాసి మూడు విషయాలు రాతలో తెప్పించుకోండి. బీపీ లేదా షుగర్ వల్ల ఆసుపత్రిలో చేరితే ఎంత వరకు ఇస్తారు? డిడక్టబుల్ ఎంత, అంటే మొదట మన జేబులోంచి ఎంత పోతుంది? అర్ధరాత్రి ఫోన్ చేయాల్సిన నంబరు ఏది, ఆసుపత్రికి డబ్బు నేరుగా వాళ్లే కడతారా? ఫోన్లో ఏజెంటు "అన్నీ కవరవుతాయి సార్" అన్నది లెక్కలోకి రాదు. ప్రీమియం పెరిగితే పెరగనివ్వండి. ఈ మొత్తం టూర్‌లో మీరు బేరమాడకుండా పెట్టాల్సిన ఖర్చు ఇదొక్కటే. ఆ నంబర్ మీ నలుగురి ఫోన్లలోనూ ఉండాలి, ఒక కాగితం మీద రాసి అమ్మగారి బ్యాగులో కూడా పెట్టండి. ఇటలీలో అత్యవసర సాయానికి 112 అని మీ అబ్బాయికి చెప్పండి, వాడు గుర్తుంచుకుంటాడు.

ఎమర్జెన్సీ ఫండ్ గురించి మళ్లీ మొదలుపెట్టాడు అనుకుంటారు. అవును, మళ్లీ మొదలుపెడతాను. హోమ్ లోన్ ఉన్న ఇంట్లో నెలన్నర డబ్బుతో టూర్‌కు బయల్దేరడం నాకు మింగుడుపడటం లేదు. ఆరు నెలల ఖర్చులు ఉండాలి, అందులో హోమ్ లోన్ వాయిదా కూడా కలిపి. టికెట్లు కొనేశారు కాబట్టి వెళ్లొద్దని అనను. అనాల్సింది ఆర్నెల్ల కిందట. కానీ "చేతిలో డబ్బు కదపకుండా" అని మీరు రాశారు చూడండి, అందులోనే తిరకాసు ఉంది. చేతిలో డబ్బు కదపడం లేదు నిజమే, రాబోయే పన్నెండు జీతాల్ని కదుపుతున్నారు. అవి ఇంకా రాలేదు. టూర్ నుంచి వచ్చిన నెలలో జీతం ఆలస్యమైతే హోమ్ లోన్ వాయిదా, కార్డు వాయిదా రెండూ ఒకే వారంలో తలుపు తడతాయి. అప్పుడు కార్డులో మినిమమ్ డ్యూ, అంటే ఆ నెలకు కనీసం కట్టాల్సినది మాత్రం కట్టి ఊపిరి పీల్చుకుంటారు. అలా వదిలేసిన బాకీ మీద నెలకు 3 శాతం పడితే, చక్రవడ్డీతో ఏడాదికి 42 శాతం పైమాటే. అప్పు చేసి టూర్‌కు వెళ్లిన ఎంతోమంది జాతకం నేను చూశాను, అందరి కథా ఈ మినిమమ్ డ్యూ దగ్గరే మలుపు తిరుగుతుంది.

ఇప్పుడు గైడ్. మీ ఇద్దరిలోనూ సగం సగం నిజం ఉంది.

గైడ్‌తో లాభం ఉండే చోటు ఫోరమ్, దాని పక్కనే పాలటైన్ కొండ. అక్కడ మీకు కనిపించేది మూడు స్తంభాలు, ఆరు పునాదులు, ఒక గడ్డి దిబ్బ. చెప్పేవాళ్లు లేకపోతే పావుగంటలో మీ అబ్బాయి "ఇంకెంతసేపు నాన్నా" అంటాడు. చెప్పేవాళ్లుంటే అవే రాళ్ల మధ్య పాత రోమ్ లేచి నిలబడుతుంది. కొలీసియం కూడా అదే టికెట్లో వస్తుంది, కాబట్టి మూడూ ఒకే పూటలో కలిపి గైడ్‌తో చూడండి. ఎండ పెరగకముందే, పొద్దున్నే.

మిగతా మూడు పూటలకు 720 యూరోలు దేనికి? వాటికన్ మ్యూజియంలో మీ ఆవిడ మనసులో ఉన్నది మైకెలాంజెలో పైకప్పు చిత్రాలున్న సిస్టీన్ చాపెలే అయ్యుంటుంది. ఆ గదిలో ఎవరూ మాట్లాడకూడదు, గైడ్‌తో సహా. చెప్పాల్సింది బయటే చెప్పేసి లోపలికి పంపిస్తారు. దానికి మంచి ఆడియో గైడ్ చాలు. పాంథియన్ అనే పాత రోమన్ గుడిలో తలెత్తి, పైకప్పులో దాదాపు 9 మీటర్ల వెడల్పున్న రంధ్రం చూడాలి, తర్వాత తల దించి వాన నీళ్లు పోవడానికి నేలలో చేసిన చిన్న కన్నాలు చూడాలి. దీనికి గంటకు లెక్కగట్టి ఎవరికీ ఇవ్వక్కర్లేదు. పాంథియన్ నుంచి కాసేపు నడిస్తే సాన్ లుయీజీ దేయ్ ఫ్రాంచేసి అనే చర్చి ఉంది, లోపలికి టికెట్ లేదు. ఎడమవైపు చివర్లో కారవాజ్జో వేసిన మూడు చిత్రాలు చీకట్లో ఉంటాయి. పక్కనున్న పెట్టెలో నాణెం వేస్తే లైటు వెలుగుతుంది, కాసేపటికి ఆరిపోతుంది. ఆరగానే అక్కడున్న వాళ్లంతా ఇప్పుడు ఎవరు వేస్తారా అని ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. మీ అబ్బాయి జేబులో చిల్లర పెట్టండి. అయిదు రోజుల్లో వాడికి బాగా గుర్తుండేది అదే కావచ్చు.

టిప్పు మాత్రమే తీసుకునే గ్రూపు వాకింగ్ టూర్లు కూడా ఉంటాయి. గంటల కొద్దీ నిలబడాలి, అమ్మగారికి కష్టం.

గైడ్‌ను కుదుర్చుకునేటప్పుడు రెండు సంగతులు. ఇటలీలో లైసెన్స్ ఉన్నవాళ్లే గైడ్‌గా పనిచేయాలి, లైసెన్స్ కార్డు చూపించమంటే తప్పేమీ కాదు. పూటకు చెప్పిన 240లో ప్రవేశ టికెట్లు ఉన్నాయా లేవా అన్నది రాతలో తీసుకోండి. లేకపోతే కొలీసియం మామూలు టికెట్ మనిషికి 18 యూరోలు, మీ అబ్బాయికి 18 ఏళ్లు నిండలేదు కాబట్టి ఉచితం. ముగ్గురికి 54. టికెట్ మీద పేరు ఉంటుంది, పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోండి. గేటు దగ్గర "లైన్ లేకుండా పంపిస్తాం" అని చుట్టూ చేరేవాళ్లకు డబ్బివ్వకండి. సెక్యూరిటీ చెకింగ్ లైన్ ఎవరికీ తప్పదు. కొలీసియంలో పై అంతస్తుకు లిఫ్ట్ ఉంది, అమ్మగారి కోసం గైడ్‌కు ముందే చెప్పండి.

మరి ఆ 240 ఎక్కడిది? ఈఎంఐ అనుకున్నారంటే నెలకు 92 కట్టగలననే కదా. మంచిది, ఆ 92నే ఈ నెల నుంచి పక్కన పెట్టండి, కార్డు కంపెనీకి ఇవ్వకుండా. అందులో 80 చొప్పున మూడు నెలలకు గైడ్ ఫీజు వచ్చేస్తుంది, అప్పు లేకుండా. టూర్ నుంచి వచ్చాక కూడా అదే 92 ఆపకుండా ఇంకో తొమ్మిది నెలలు వేస్తే, ఏడాది తిరిగేసరికి గైడ్ ఫీజు పోను 864 యూరోలకు సమానమైన డబ్బు మీ ఎమర్జెన్సీ ఫండ్‌లో చేరుతుంది. ఈఎంఐ పెట్టుకుని ఉంటే అదే తేదీకి మీ దగ్గర ఫొటోలు ఉండేవి.

అమ్మగారి పాలసీ ప్రీమియం ఎక్కువై మూడు నెలల్లో రెండూ కుదరవనిపిస్తే గైడ్‌ను మానేయండి. ఫోరమ్ గురించి మీ అబ్బాయిని ముందే చదువుకుని రమ్మనండి. పదమూడేళ్ల వాడికి నాయనమ్మ ముందు గైడ్ అవ్వమంటే కాదనడు.