స్నో ప్లౌ (మంచు నెట్టే బ్లేడు) తగిలించాక ట్రక్కు ముందు భాగం కుంగిపోతోంది. టార్షన్ బార్ బోల్టులు ఎన్ని చుట్లు బిగించాలి?

ఎన్ని చుట్లో నేను చెప్పను. ఇంకెవరైనా చెప్పినా వినకండి. ఒకే మోడల్ ట్రక్కులు రెండు పక్కపక్కన ఉన్నా ఒకదానికి సరిపోయిన లెక్క రెండోదానికి సరిపోదు. అసలు మీ బండికి టార్షన్ బార్లు, అంటే మెలిపడి స్ప్రింగులా పని చేసే కడ్డీలు, ఉన్నాయో లేదో ముందు కిందికి వంగి చూడండి. షెవర్లే సిల్వరాడో 1500కి 2007 మోడల్‌తో కొత్త రూపం వచ్చినప్పుడే అవి పోయి కాయిల్ స్ప్రింగులు వచ్చాయి. ఎక్కువ బరువు మోసే 2500 హెచ్‌డీకి మాత్రం టార్షన్ బార్లే. కాయిల్ బండికి మీరు అడిగిన బోల్టే ఉండదు.

ఉన్నాయనే అనుకుందాం. బోల్టు బిగిస్తే స్ప్రింగు గట్టిపడుతుందని అందరూ నమ్ముతారు. గట్టిపడదు. బార్ పొడవు, మందం అవే ఉన్నప్పుడు దాని బలం ఎక్కణ్ణుంచి పెరుగుతుంది? పెరిగేది ఎత్తు ఒక్కటే. ప్లౌ పైకెత్తినప్పుడు ముందు భాగం ఇదివరకు ఎంత దిగేదో ఇప్పుడూ ఇంచుమించు అంతే దిగుతుంది, కాస్త పైనుంచి మొదలుపెట్టి దిగుతుంది, అంతే తేడా.

మా బావమరిది ప్లౌ బిగించమని ఒక షాపులో బండి వదిలాడు. వాళ్లు అతన్ని ఒక్క మాటైనా అడగకుండా బోల్టులు ఎక్కినంత వరకు ఎక్కించి ఇచ్చారు. "బావా, ముక్కు ఎలా లేచిందో చూడు" అని వాడు ఒకటే సంబరం. బ్లేడు తీసి పక్కన పెట్టి ఇద్దరం అలా ఒక రౌండ్ వెళ్లాం. స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగిన ప్రతిసారీ ముందు నుంచి ధబ్‌మని చప్పుడు. "కొత్తగా బిగించారు కదా, సర్దుకుంటుందిలే" అంటాడు. ఇంటికొచ్చి టార్చిలైటు పట్టుకుని కిందికి దూరాను. బోల్టుకి పాత భాగమంతా తుప్పు, కొత్తగా తిరిగిన మర మాత్రం తళతళలాడుతోంది. ఎంత బిగించారో కొలిచి చెప్పక్కర్లేదు, కనిపిస్తూనే ఉంది. పై కంట్రోల్ ఆర్మ్ (చక్రాన్ని ఫ్రేముకి కలిపే చేయి), చక్రం మరీ కిందికి దిగకుండా ఆపే రబ్బరు స్టాప్‌ని అంటుకుని ఉంది. మధ్యలో కాగితం కూడా దూరదు. అంటే చక్రం గుంతలోకి దిగడానికి చోటే లేదు, ఇక చప్పుడు రాక ఏమవుతుంది? ముందు చక్రాల్ని తిప్పే సీవీ యాక్సిల్ మీది రబ్బరు బూట్లు (తొడుగులు) ఒక పక్కకి సాగిపోయి ఉన్నాయి. పైగా ఎత్తు మారితే క్యాంబర్ (చక్రం నిలువు వంపు), టో (చక్రం చూసే దిశ) రెండూ మారతాయి, టైర్లు ఒక అంచున అరగడం మొదలవుతుంది. వాళ్లు అలైన్‌మెంట్ చూడలేదు. బిల్లులో మాత్రం "సస్పెన్షన్ అడ్జస్ట్‌మెంట్" అని విడిగా ఒక లైను వేశారు!

మరేం చేయాలి అంటారా? ముందు లెక్క చూడండి. ప్లౌ బరువు 350 కిలోలు, దాని మధ్యభాగం ముందు ఇరుసుకి 1.2 మీటర్లు ముందుకు ఉంది, రెండు ఇరుసుల మధ్య 3.6 మీటర్లు అనుకుందాం. బ్లేడు పైకెత్తితే ముందు ఇరుసు మీద పడేది 350 కాదు, దాదాపు 467 కిలోలు. ఆ మిగతా 117 వెనక చక్రాల మీది నుంచి లేచి వచ్చిన బరువు. మంచులో జారేదీ, బ్రేకు పట్టనిదీ ఆ వెనక చక్రాలే. అందరూ ముందు కుంగిందని ఏడుస్తారు గానీ వెనక తేలిందని ఎవరూ చూడరు. నన్నడిగితే అసలు జబ్బు అక్కడే ఉంది.

టెయిల్‌గేటు దగ్గర, ఇరుసుకి మీటరు వెనకగా 200 కిలోల ఇసుక బస్తాలు వేస్తే వెనక పోయిన బరువు తిరిగి వచ్చి ఇంకా మిగులుతుంది, ముందు నుంచి కూడా ఓ 55 కిలోలు దిగుతుంది. బస్తాల్ని గట్టిగా కట్టాలి. వదులుగా పడేస్తే బ్రేకు కొట్టగానే క్యాబిన్ వైపు జరిగి వస్తాయి, అప్పుడు ఆ బరువే ముందుకి చేరుతుంది. మీ ప్లౌ కంపెనీ మీ ట్రక్కుకి ఎంత బ్యాలస్ట్ (వెనక వేసే సమతూకం బరువు) వేయమని చెప్పిందో దాన్నే పాటించండి, నా 200 ఉదాహరణ కోసమే. అన్నీ వేశాక ముందు ఇరుసు మీది బరువు డ్రైవర్ తలుపు ఫ్రేమ్ స్టిక్కర్ మీద రాసిన పరిమితి దాటకూడదు. దాటితే ఏ స్ప్రింగూ, ఏ బోల్టూ దాన్ని పెంచవు. బేరింగులు, బాల్ జాయింట్లు, బ్రేకులు అవే కదా.

బావమరిది బండికి మేం బోల్టులు వెనక్కి తిప్పి, బంప్ స్టాపుల (చక్రం మరీ పైకి రాకుండా ఆపే రబ్బరు ముక్కల) స్థానంలో హెల్పర్ రబ్బరు స్ప్రింగులు వేశాం. బరువు పడినప్పుడే అవి పని చేస్తాయి, ప్లౌ లేనప్పుడు బండి మామూలుగానే నడుస్తుంది.

అయినా కొంచెం బిగించి తీరతానంటే సరే. వీల్ సెంటర్ నుంచి ఫెండర్ అంచు దాకా రెండు పక్కలా టేపుతో కొలిచి రాసుకోండి. నేల నుంచి కొలిస్తే టైరు గాలి కూడా లెక్కలోకి వస్తుంది. ఫ్రేమ్ కింద జాకీ పెట్టి లేపి, స్టాండ్ల మీద నిలిపి, చక్రాలు వేలాడుతున్నప్పుడే బోల్టు తిప్పండి. బరువు మీద తిప్పితే మర పాడవుతుంది. బోల్టుని పూర్తిగా ఊడదీయొద్దు, మెలిపడి ఉన్న బార్‌లో మనిషిని గాయపరిచేంత శక్తి ఉంటుంది. దించాక కాస్త దూరం నడిపి మళ్లీ కొలవండి. రెండు పక్కలా చుట్లు సమానంగా రాకపోవచ్చు, ఎత్తు సమానంగా వస్తే చాలు. ఆ తర్వాత అలైన్‌మెంట్ చేయించండి.

ఇంకో మాట, అడగకపోయినా చెబుతాను. ముందు భాగం లేపిన బండ్ల హెడ్‌లైట్లు సరిగ్గా ఎదురొచ్చేవాడి కళ్లలోకి కొడతాయి. రాత్రిపూట మంచులో ఇలాంటి బండి ఎదురైతే రోడ్డు అంచు కూడా కనపడదు. చాలా బండ్లకు లైటు వెనక ఒక చిన్న స్క్రూ ఉంటుంది, దాన్ని తిప్పి కిందికి దించడానికి కూడా బద్ధకమే వీళ్లకి.