నీళ్లెక్కడివి తమ్ముడూ?

తమ్ముడూ,

కథ చదివాను. దాసి పాత్ర బాగుంది. కానీ ప్రాచీన రోమన్ ఊరు పాంపేయిలోని ఇంటి తోటలో 'పాలరాతి ఫౌంటెన్ రేయింబవళ్లు ఆకాశానికి ఎగజిమ్ముతోంది' అన్నచోట చిరాకేసి ఆగిపోయాను. ఆ నీళ్లెక్కడివి?

వర్ణన తర్వాత, ముందు నీటిదారి తెలుసుకో. సెరీనో కొండ ఊటల నుంచి వచ్చే కాలువ నీళ్లు వెసూవియస్ ద్వారం అనే ఊరి గేటు పక్కనున్న తొట్టికి చేరతాయి. ఊళ్లో అదే మిట్ట. అక్కణ్ణుంచి వాలు ఎక్కువ, నేరుగా వదిలితే గొట్టాలు పగులుతాయి. సీసపు రేకుని కడ్డీ చుట్టూ వంచి, నిలువునా అతికిన గొట్టాలవి. ముందు విడిపోయేది ఆ అతుకే. అందుకే వీధి మలుపుల్లో సుమారు 6 మీటర్ల స్తంభాలు కట్టి, పైన సీసపు తొట్లు పెట్టారు. నీరు వాటిలోకెక్కి, ఒత్తిడి తగ్గించుకుని ఇళ్లకి దిగుతుంది. ఆ తొట్టి మట్టం దాటి ఏ ఫౌంటెనూ ఎగరదు. పైగా నీ కథ నడిచేది క్రీ.శ. 79లో, వెసూవియస్ అగ్నిపర్వతం ఊరిని పూడ్చేసిన ఏడు. 62 భూకంపం తర్వాత నీటి సరఫరా పూర్తిగా కుదుటపడనేలేదు. ఎండిపోయిన ఫౌంటెన్ ముందు ఆ దాసిని నిలబెట్టాల్సింది!

ఇక పాలరాయి. రోమ్ అనగానే మన సంపాదకులకి పాలరాయి కావాలి, అది లేని కథ తిరుగుటపాలో వస్తుంది. పాంపేయిలో 'పెద్ద ఫౌంటెన్ ఇల్లు' చూడు: గోడకానించి కట్టిన గూడు, దాని నిండా గాజు మొజాయిక్, అంచుల్లో గవ్వలు, ఆలిచిప్పలు. పాలరాతివి పక్కనున్న నాటకపు ముసుగుల శిల్పాలు. రంగు గాజుని పలకలా పోసి, చల్లారాక వేరుశనగ అచ్చులా ముక్కలు చేసేవారు. సున్నపు గచ్చు తడిగా ఉండగానే అద్దాలి, కాబట్టి ఒక పూటకి సరిపడా మేరే పూస్తారు. ఆరిన గచ్చు పట్టదు, ముక్కలు రాలిపోతాయి.

నీ కథలో ఇంటి పూజగూటి దేవుళ్లకి పూజారి పూజ చేశాడు. అది ఇంటి యజమాని పని. పూజగూడు కింద గోడ మీద పాముల బొమ్మలు, బలిపీఠంపై గుడ్లు, పైన్ కాయలు ఉన్నట్టు రాయి. 'బంగారు మన్మథుల ఇంటి' తోటలోనైతే ఇంటి దేవతల మండపం ఒకచోట, ఈజిప్టు దేవతలు ఐసిస్, అనూబిస్‌ల చిత్రాలు ఇంకో మూల. నీ యజమాని ఏ మూలకి వెళ్తాడో తేల్చుకో, సగం పాత్రచిత్రణ అక్కడే అయిపోతుంది.

శీర్షిక సంగతి తర్వాత. ముందు ఆ తోట పేరా కొట్టేసి మళ్లీ రాసి పంపు.