మేనేజర్ ముందు, అయ్యగారి ముందు

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: అమ్మా, మాది నెల్లూరు జిల్లా. చెన్నైలో అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో ఒక చిన్న కంపెనీ స్టోర్స్‌లో పనిచేస్తున్నాను. నెలనెలా జీతంలో పీఎఫ్ కోస్తున్నారు, పేస్లిప్‌లో కూడా వేస్తున్నారు. ఫోన్‌లో పాస్‌బుక్ తీసి చూస్తే దీపావళి నుంచి ఒక్క రూపాయి పడలేదు. మేనేజర్‌ని అడిగాను. "బైబిల్ పట్టుకుని తిరిగే మనిషివి, నీకెందుకయ్యా డబ్బు మీద ఇంత ఆశ" అని అందరి ముందూ నవ్వాడు. నాకు నోట మాట రాలేదు. మా చర్చి సంఘంలో ఒక పెద్దాయన బైబిల్లో రోమా పత్రిక 13వ అధ్యాయం తీసి చదివి, అధికారులకి లోబడి ఉండు, మిగతాది దేవుడే చూసుకుంటాడు అన్నారు. మా బావేమో గేటు దగ్గర కాలర్ పట్టుకుంటే గానీ వీళ్ళకి బుద్ధి రాదంటాడు. తగ్గింపుతో మాట్లాడడమంటే ఏమిటమ్మా? అసలు మాట్లాడకుండా ఉండడమేనా?
— ఒక సోదరుడు, అంబత్తూరు

జవాబు: నాయనా, ముందు నీ డబ్బు సంగతి చూద్దాం, వాక్యం తర్వాత.

ఈ నెల జీతంలో కోసిన పీఎఫ్‌ను వచ్చే నెల 15వ తేదీలోగా కంపెనీ కట్టేయాలి. నీ వాటా 12 శాతం, కంపెనీ వాటా కూడా అంతే. కంపెనీ వాటాలో కొంత పెన్షన్ ఖాతాకి పోతుంది కాబట్టి పాస్‌బుక్‌లో రెండు అంకెలూ సమానంగా కనబడవు, దానికి కంగారుపడకు. కానీ నీ జీతంలో కోసిన సొమ్ము కట్టకుండా ఉంచుకోవడం మాత్రం చట్టం ప్రకారం నమ్మకద్రోహం, నేరం. ఇందులో ఆశ ఏముంది? అది నీ కూలి. "మీరు మోసముగా బిగపట్టిన కూలి మొఱ్ఱపెట్టుచున్నది" అని యాకోబు రాశాడు. కూలే మొర్రపెడుతుంటే కూలివాడు నోరు మూసుకోవాలని ఏ వాక్యంలో ఉందో ఆ పెద్దాయన్ని అడగాలని ఉంది నాకు.

ఇక రోమా 13. మన సంఘాల్లో ఈ అధ్యాయం ఎప్పుడూ కిందివాళ్ళకే చదివి వినిపిస్తారు. పైవాళ్ళకి వినిపించగా నేను చూడలేదు. నాలుగో వచనంలో అధికారిని దేవుని పరిచారకుడు అన్నాడు పౌలు. పరిచారకుడంటే తన పైన యజమాని ఉన్నవాడేగా. పైగా ఆ పత్రిక రాసే నాటికి రోములో నీరో ఏలుతున్నాడు. రాసిన పౌలు అధికారుల ముందు ఎలా మాట్లాడాడో చూస్తే లోబడడమంటే ఆయన ఉద్దేశం ఏమిటో తెలిసిపోతుంది.

అపొస్తలుల కార్యములు 24 తియ్యి. గవర్నరు ఫేలిక్సు ముందు ఇద్దరు మాట్లాడతారు. మొదట తెర్తుల్లు, పౌలు మీద ఫిర్యాదుకి ప్రధానయాజకుడు వెంట తెచ్చుకున్న న్యాయవాది. తమవల్ల ఎంతో నెమ్మది అనుభవిస్తున్నాం, తమరి ముందుచూపు వల్ల ఈ జనానికి ఎన్నో మేళ్ళు కలుగుతున్నాయి అంటూ మొదలుపెడతాడు. ఫేలిక్సు కాలంలో యూదయలో నెమ్మది ఎక్కడేడ్చింది! ఒక పక్క తిరుగుబాట్లు, ఇంకో పక్క సిలువలు. తర్వాత పౌలు వంతు. ఆయన కూడా మర్యాదగానే మొదలుపెట్టాడు. తమరు చాలా ఏళ్ళుగా ఈ జనానికి న్యాయాధిపతిగా ఉన్నారని తెలుసు కాబట్టి ధైర్యంగా జవాబు చెప్పుకుంటాను అన్నాడు. అది నిజం. అక్కడికి పొగడ్త ఆపేసి, ఎప్పుడు యెరూషలేముకి వెళ్ళాడో, దేవాలయంలో ఏం చేశాడో, ఎవరు సాక్షులుగా రావాల్సింది రాలేదో చెప్పాడు. చదువుతుంటే మంచి అర్జీలా ఉంటుంది.

నేను ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఇక్కడే చెన్నైలో, ఒక ప్రభుత్వ ఆఫీసు పెన్షన్ సెక్షన్‌లో టేబుల్‌కి ఇవతల కూర్చున్నదాన్ని. తెర్తుల్లు లాంటివాళ్ళు రోజూ వచ్చేవాళ్ళు. "మీరు దేవతలాంటివారమ్మా" అన్నారంటే సర్టిఫికెట్ ఏదో తగ్గిందని నాకూ, పక్క సీటు ఆయనకీ ముందే తెలిసిపోయేది. బల్ల గుద్దినవాళ్ళ ఫైలు కట్ట అడుక్కి చేరేది. అలా జరగకూడదు, కానీ ఆఫీసులు అలాగే ఉంటాయి.

వ్యాసర్పాడి నుంచి ఒకావిడ వచ్చేది. చనిపోయిన అటెండర్ భార్య, కుటుంబ పెన్షన్ కోసం. చేతిలో జౌళి షాపువాళ్ళిచ్చే పసుపు సంచి, అందులో కాగితాలన్నీ తేదీల వరసలో, నలగకుండా కింద క్యాలెండర్ అట్ట. వచ్చి నమస్కారం పెట్టి, "అమ్మా, నేను ఫలానా ఆయన భార్యని. జనవరిలో అర్జీ ఇచ్చాను, ఇదిగో మీ ముద్ర. ఫైలు ఏ సారు దగ్గరుందో చెప్తే అక్కడికే పోతాను" అనేది. ఏడవదు, పొగడదు. కుర్చీ చూపిస్తే కూర్చునేది, చూపించకపోతే నిలబడే ఉండేది. రేపు రమ్మంటే "ఎన్ని గంటలకి రమ్మంటారమ్మా?" అని అడిగి, చెప్పిన టైము ఆ సంచి మీదే పెన్నుతో రాసుకునేది. మర్నాడు ఆ టైముకి వచ్చి నిలబడేది. ఆమె వస్తుందంటే మా సూపరింటెండెంట్ కూడా ఫైలు దుమ్ము దులిపి పెట్టుకునేవాడు. ఆమె ఏ మతమో నాకు తెలియదు, అడగలేదు. తగ్గింపు గురించి ఎవరైనా అడిగితే మాత్రం నాకు ముందు గుర్తొచ్చేది ఆ మనిషే.

కాబట్టి నువ్వు చేయాల్సింది ఇది. నోటితో అడగడం అయిపోయింది, ఇప్పుడు కాగితం మీద అడుగు. "సార్, నమస్కారం. గత అక్టోబర్ నుంచి నా జీతంలో పీఎఫ్ కోత ఉంది, పాస్‌బుక్‌లో జమ కనబడడం లేదు. పేస్లిప్పుల నకళ్ళు జతచేశాను. ఎప్పటిలోగా జమ అవుతుందో దయచేసి తెలియజేయగలరు." ఇంతే రాయి. దయచేసి అనే మాట ఒక్కసారి చాలు. నీ భక్తి, నీ ఇంటి కష్టాలు, అవతలివాళ్ళ పాపం, ఏవీ అందులో వద్దు. రెండు కాపీలు తీసి ఒకదాని మీద తేదీ వేయించి సంతకం తీసుకో. సంతకం పెట్టనంటే అదే ఈమెయిల్ చెయ్యి.

ఇవ్వడానికి వేళ చూసుకో. పారసీక రాజు కొలువులో ఉన్న నెహెమ్యా, యెరూషలేము గోడలు కూలి ఉన్నాయన్న వార్త కిస్లేవు మాసంలో విన్నాడు, రాజుతో మాట్లాడింది నీసాను మాసంలో. దాదాపు నాలుగు నెలలు. నువ్వు అన్నాళ్ళు ఆగక్కర్లేదు గానీ, లోడింగ్ హడావుడిలో ఉన్నప్పుడు, నలుగురి ముందు మాత్రం ఇవ్వకు. నలుగురిలో అడిగితే ఆయన నలుగురి కోసం జవాబిస్తాడు. ఇంకొకటి, నీ మేనేజర్ తమిళాయన అయితే నోట్లో 'నీంగ' (మీరు), 'వాంగ' (రండి) ఆడుతుండాలి. మన నెల్లూరు పిల్లలు వచ్చీరాని అరవంలో 'నీ' (నువ్వు), 'వా' (రా) అనేసి, ఆయన ఎందుకు మండిపడ్డాడో తెలియక బిత్తరపోతుంటారు.

మళ్ళీ నవ్వితే? నవ్వనీ. విచారణలో బంట్రౌతు చెంప మీద కొట్టినప్పుడు యేసు ప్రభువు ఏమన్నాడు? "నేను కాని మాట ఆడినయెడల ఆ కాని మాట యేదో చెప్పుము, మంచిమాటయైతే నన్నేల కొట్టుచున్నావు." ఎదురు కొట్టలేదు, అడగకుండా ఊరుకోనూ లేదు. నువ్వు కూడా "సార్, నేను అడిగిన దాంట్లో తప్పుంటే చెప్పండి, దిద్దుకుంటాను. లేకపోతే తేదీ చెప్పండి" అను. గొంతు పెంచకు. వణికితే వణకనీ, పర్వాలేదు.

నెల దాటినా జవాబు రాకపోతే పీఎఫ్ ఫిర్యాదుల వెబ్‌సైట్ ఉంది, యూఏఎన్ (నీ పీఎఫ్ ఖాతా నంబరు)తో నువ్వే ఫిర్యాదు పెట్టవచ్చు. లేదా మీ అంబత్తూరులోనే పీఎఫ్ ప్రాంతీయ కార్యాలయం ఉంది, పేస్లిప్పులు తీసుకుని వెళ్ళు. పైకి వెళ్తే పొగరనుకుంటారని భయపడకు. పౌలు, ఫేలిక్సు తర్వాత వచ్చిన గవర్నరు ఫేస్తు ముందు నిలబడి, కైసరు (రోమా చక్రవర్తి) ఎదుటే చెప్పుకొందును అన్నాడు. అంతకు ముందు ఫేలిక్సు ఆయన్ని రెండేళ్ళు ఊరికే చెరసాలలో ఉంచాడు, ఎందుకో కూడా ఆ పుస్తకం రాసిన లూకా చెప్పాడు: డబ్బు ముడుతుందేమోనని. పౌలు ఇవ్వలేదు. ఆ రెండేళ్ళూ ఎన్నిసార్లు పిలిస్తే అన్నిసార్లు వెళ్ళి మర్యాదగా మాట్లాడాడు. అప్పట్లో కూడా ఆఫీసులు ఇలాగే ఉండేవి మరి.

మీ బావకి నా మాటగా చెప్పు: కాలర్ పట్టుకుంటే ఆ రోజుతో విషయం పీఎఫ్ నుంచి కాలర్‌కి మారిపోతుంది. మేనేజర్‌కి కావలసింది అదే.

ప్రశ్న: అమ్మగారూ, మా సంఘంలో నేను యూత్ ట్రెజరర్‌ని. మందిరం పైఅంతస్తు కోసం రెండేళ్ళుగా చందాలు వసూలు చేస్తున్నాం. కమిటీ మీటింగ్‌లో బిల్డింగ్ ఫండ్ లెక్క ఎంతవరకు వచ్చిందని అడిగాను. ఒక పెద్ద లేచి "అభిషిక్తుని ముట్టకూడదు, ఆడపిల్లవి తగ్గించుకో" అన్నారు. మా అయ్యగారు (పాస్టరు) ఏమీ అనలేదు, తల వంచుకుని కూర్చున్నారు. అప్పటినుంచి మందిరానికి వెళ్ళాలంటే టెన్షన్‌గా ఉంది.
— ఒక సహోదరి, రాయపురం

జవాబు: తల్లీ, ఆ వాక్యం 105వ కీర్తనలో ఉంది. దాని ముందు వచనం కూడా చదవమను. దేవుడు వారి నిమిత్తం రాజులను గద్దించాడని ఉంటుంది. అబ్రాహాము, ఇస్సాకు, యాకోబులు ఊరూరా పరదేశులుగా తిరుగుతున్నప్పుడు వాళ్ళని ముట్టొద్దని దేవుడు రాజులకి చెప్పిన మాట అది. బలం ఉన్నవాడి చెయ్యి ఆపడానికి చెప్పిన మాటని బలం ఉన్నవాళ్ళే అడ్డం పెట్టుకుంటే ఎలా?

దావీదుని చంపాలని వెంటాడిన రాజు సౌలు కూడా అభిషిక్తుడే. గుహలో చేతికి చిక్కినా దావీదు ఆయన మీద చెయ్యి వేయలేదు, వస్త్రపు చెరగు మాత్రం కోశాడు. కానీ గుహ బయటికొచ్చి, సాష్టాంగపడి, నా తండ్రీ అని పిలిచి, ఆ చెరగు చేత్తో ఎత్తి చూపించి, జనం చెప్పే మాటలు ఎందుకు వింటున్నావని గట్టిగా అడిగాడు. నీ చేతిలోనూ రసీదు పుస్తకం ఉందిగా, అదే నీ చెరగు.

డబ్బు విషయంలో పౌలు ఎంత జాగ్రత్తపడ్డాడో 2 కొరింథీ 8 చెబుతుంది. ఇంత పెద్ద ధర్మం మోసుకెళ్తున్నాం, ఎవరూ మా మీద తప్పు మోపకూడదని తీతుతో పాటు సంఘాలు ఎన్నుకున్న సహోదరుణ్ణి కూడా పంపాడు. లెక్క అడిగితే అవమానం అనుకునేవాడు అలా చేయడు.

అయితే అడిగే తీరు ఒకటుంది. 1 తిమోతి 5లో వృద్ధుణ్ణి గద్దించకుండా తండ్రిలా భావించి హెచ్చరించమన్నాడు. కాబట్టి వాట్సాప్ గ్రూపులో పెట్టకు. ఆదివారం ప్రకటనల వేళ లేవకు. ఒక సాయంత్రం అయ్యగారి ఇంటికి వెళ్ళు, ఒంటరిగా కాదు, మీ అమ్మని తీసుకుని. పాస్టరమ్మగారు కాఫీ ఇస్తే తాగు. "అయ్యగారూ, చందా ఇచ్చినవాళ్ళు నన్ను అడుగుతున్నారు, ఏం చెప్పాలో మీరే చెప్పండి. ఈ ఏడాది ఆడిట్ అయిందా?" అని అడుగు. ఆయన తల వంచుకున్నారన్నావు చూడు, నాకెందుకో ఆయనకి కూడా లెక్క తెలియదేమో, ఎవరైనా అడిగితే బాగుండునని ఉందేమో అనిపిస్తోంది. నా ఊహ తప్పయినా అలా అనుకుని వెళ్తే నీ మాటలో కారం తగ్గుతుంది.

అప్పటికీ తేలకపోతే కమిటీ కార్యదర్శికి ఇద్దరు ముగ్గురు సభ్యులు కలిసి సంతకాలతో ఉత్తరం ఇవ్వండి. మీ సంఘం తమిళనాడు సొసైటీల చట్టం, 1975 కింద నమోదై ఉంటే ఏటా లెక్కలు రిజిస్ట్రారుకి ఇవ్వాల్సిందే. ఆ మాట మాత్రం మొదటి రోజే ఎత్తకు.

ఆడపిల్లవి అన్నారా? తాగి ఉన్న మొరటువాడు నాబాలు ఇంటిని, నాలుగు వందల మందితో కత్తి కట్టుకుని వస్తున్న దావీదు నుంచి కాపాడింది నాబాలు భార్య అబీగయీలు. గాడిద దిగి, సాష్టాంగపడి, ఏలినవాడా అంటూనే, కారణం లేకుండా రక్తం చిందించావన్న దుఃఖం నీకు మిగలకూడదని ఆయన ముఖం మీదే చెప్పింది. ఈసారి ఆ పెద్ద లేస్తే 1 సమూయేలు 25 చదవమని చెప్పు, నవ్వుతూ.

ప్రశ్న: ఆంటీ, మూలకడై సిగ్నల్ దగ్గర హెల్మెట్ లేదని ట్రాఫిక్ పోలీసు ఆపాడు. పాస్టరు గారి అబ్బాయినని తగ్గింపుతో చెప్పి వదిలేయమని అడగవచ్చా?
— కాలేజీ విద్యార్థి, మాధవరం

జవాబు: ఒద్దు నాయనా. జరిమానా వెయ్యి రూపాయలు. "తప్పే సార్" అని చెప్పి కట్టి, చలాన్ తీసుకుని జేబులో పెట్టుకో. నాన్నగారికి నువ్వే చెప్పు, ఇంకెవరో చెప్పేలోపు. చెన్నైలో వెనక కూర్చున్నవాళ్ళకి కూడా హెల్మెట్ ఉండాలి, రెండు కొను.