ఆవు మూపురం మీద మానని పుండు ఈగల జబ్బేనా? హైదరాబాద్‌లో ఇది మామూలేనా?

మీ ఆవుకు మూపురం మీద పుండు నెలలైనా మానట్లేదు, ఇది ఈగల వల్ల వచ్చే పురుగు జబ్బేనా, మన దగ్గర ఎక్కువేనా అని అడిగారు. అత్తాపూర్‌లో మాకు నాన్న కాలం నుంచి బర్రెల కొట్టం ఉంది, కొన్ని ఆవులూ ఉన్నాయి. చూసింది చెప్తాను.

జబ్బు పేరు స్టెఫనోఫైలేరియాసిస్. ఆవులకు మూపురం మీద వచ్చే రకం అస్సాం, బెంగాల్, ఒడిశా వైపు బాగా ఎక్కువ. మా కొట్టంలో ఆవుల కంటే బర్రెలకే, అదీ చెవి లోపలి వైపు వస్తుంది. ఆ పురుగు వేరు, స్టెఫనోఫైలేరియా జహీరీ. 1958లోనే ఎస్.ఎన్. సింగ్ దాన్ని బర్రెల్లో గుర్తించి రాశారు. వానలు మొదలయ్యాయంటే మాలో ఏదో ఒక బర్రె తల వంచి చెవిని గుంజకేసి రుద్దుతూనే ఉంటుంది. పొక్కు ఊడి, జిగటగా తడి కారి, నల్లగా ఈగలు. చలికాలంలో ఎండిపోతుంది, అందరూ మానిందనుకుంటారు. తొలకరికి మళ్ళీ పచ్చి పుండే.

అయితే మూపురం మీద ప్రతి పుండూ ఇదే కాదు. బండి కట్టే ఎద్దుకైతే ముందు కాడి ఒరిపిడి చూడాలి. జ్వరంతో ఒళ్లంతా గడ్డలు లేస్తే అది లంపీ స్కిన్, వైరస్ జబ్బు. తేల్చుకోవడం పెద్ద పనేం కాదు. మా డాక్టర్ గారు పొక్కు తీసి, నెత్తురు చెమ్మ కనిపించేదాకా లోతుగా గీకి, ఆ ముక్కని సెలైన్‌లో వేసి మైక్రోస్కోప్ కింద పెట్టారు. సన్నటి దారప్పోగుల్లాంటి పిల్ల పురుగులు మెలికలు తిరుగుతున్నాయి. పైపైన గీకితే దొరక్కపోవచ్చు.

ఈ ఈగ కుట్టదు, పుండు రసం నాకుతుంది. పిల్ల పురుగులు దాని కడుపులోకి పోయి పెరిగి, ఇంకో పశువు గాయం మీద వాలినప్పుడు దిగుతాయి. పశువుకీ పశువుకీ తగిలితే అంటేది కాదు. ఈగ గుడ్లు పెట్టేది పచ్చి పేడలో, కాబట్టి పేడ రోజూ ఎత్తెయ్యాలి. పుండు మీద ఈగ వాలకుండా వేపనూనె రాస్తాం. కొందరు కాలిన ఇంజన్ ఆయిల్ పూస్తారు, దయచేసి వద్దు.

ఐవర్‌మెక్టిన్ పిల్ల పురుగుల మీద బాగా పనిచేస్తుంది, పెద్దవి మొండివి, అందుకే తిరగబెడుతుంది. ఆ మందు పాలలోకి వస్తుంది. మీ ఆవు పాలిస్తుంటే సూది వేయకముందే డాక్టరుకు చెప్పండి.