ఏడాదిలో ఎక్కువ రోజులు ఆగి ఉండే గ్యాస్ విద్యుత్ కేంద్రాలు దేశానికి దండగ కాదా?

గ్యాస్ టర్బైన్ కంట్రోల్ రూములో పదకొండేళ్లు షిఫ్టులు చేశాను. ఏడాదికి ఎన్ని యూనిట్లు వచ్చాయన్న లెక్క ఒక్కటే చూస్తే మీ సందేహం న్యాయమైనదే. అయితే గ్రిడ్‌లో ఏ క్షణం వాడకానికి ఆ క్షణంలోనే సరఫరా అందాలి. తక్కువైతే ఫ్రీక్వెన్సీ, అంటే కరెంటు సెకనుకు ఎన్ని ఆవృత్తులు చేస్తుందన్న లెక్క, పడిపోతుంది. మా కేంద్రం విలువంతా పిలిచిన వేళకు పలకడంలోనే ఉండేది.

పొద్దు వాలేసరికి సౌర విద్యుత్తు తగ్గిపోతుంది, సరిగ్గా అప్పుడే ఇళ్లలో దీపాలు వెలుగుతాయి. ఏ కేంద్రం ఎప్పుడు ఎంత విద్యుత్తు ఇవ్వాలో చెప్పే లోడ్ డిస్పాచ్ కేంద్రం నుంచి ఫోను వచ్చేది. ముందు స్టార్టింగ్ మోటారు టర్బైన్‌ను తిప్పుతుంది. లోపల గ్యాస్ ఏమైనా మిగిలి ఉంటే పేలే ప్రమాదం ఉంది కాబట్టి, కొన్ని నిమిషాలు ఉత్త గాలి పంపి దాన్ని బయటికి తోలేస్తాం. తరువాత మంట అంటుకుంటుంది, వేగం నిమిషానికి 3000 చుట్లకు చేరుతుంది. మా జనరేటరు గ్రిడ్‌తో లయ కలిసిందో లేదో చూపే సింక్రోస్కోపు ముల్లు నెమ్మదిగా తిరుగుతూ పన్నెండు దగ్గరికి వస్తుంది, బ్రేకరు మూసుకుని మమ్మల్ని గ్రిడ్‌కు కలుపుతుంది. ఆ చప్పుడు ఎన్నిసార్లు విన్నా నాకు ఒళ్లు పులకరించేది. చల్లారిన బొగ్గు బాయిలరును ఇలా లేపలేం, దానికి గంటలు కావాలి.

ఒక తిరకాసు మాత్రం ఉంది. టర్బైన్ వదిలే సుమారు 600 డిగ్రీల వేడి వాయువులతో ఆవిరి పుట్టించి, మరో టర్బైన్‌ను తిప్పేది కంబైన్డ్ సైకిల్. ఇందులో మేటి కేంద్రాల సామర్థ్యం, అంటే ఇంధనంలోని శక్తిలో విద్యుత్తుగా మారే వాటా, 60 శాతం దాటింది. కానీ ఆవిరి వైపు దళసరి లోహాన్ని తొందరపెడితే పగుళ్లిస్తుంది, నిదానంగా వేడెక్కించాల్సిందే. త్వరగా అందుకునేది ఆవిరి భాగం లేని ఓపెన్ సైకిల్, దాని సామర్థ్యం సుమారు 40 శాతమే. గ్యాస్ కేంద్రం చురుకైనది, పొదుపైనది అని ఒకే ఊపిరిలో అనేవాళ్లు ఈ సంగతి మరిచిపోతారు.

అసలు బలహీనత ఇంధనం దగ్గర ఉంది. బొగ్గు కేంద్రానికి ఆవరణలోనే రోజులకు సరిపడా నిల్వ ఉంటుంది, మాకు ఉన్నది పైపు ఒక్కటే. ఒక రాత్రి పైపులైనులో ఒత్తిడి పడిపోయింది. యంత్రంలో ఏ లోపమూ లేకున్నా మెట్టు మెట్టుగా లోడు దించి ఆపేశాం. ఆ నిస్సహాయత నాకింకా గుర్తుంది. 2021 ఫిబ్రవరిలో అమెరికాలోని టెక్సస్‌లో ఇదే పెద్ద ఎత్తున జరిగింది. చలికి గ్యాస్ బావులూ విద్యుత్ కేంద్రాలూ గడ్డకట్టాయి. గ్రిడ్‌ను కాపాడటానికి కరెంటు కోస్తే, ఆ కోతలో కొన్ని గ్యాస్ సరఫరా కేంద్రాలే ఆగిపోయి కొరత ఇంకా పెరిగింది.

సాయంత్రపు కొన్ని గంటల పనిని బ్యాటరీలు తీసుకుంటున్నాయి, తీసుకోవాలి కూడా. గ్యాస్ మండితే వచ్చే కార్బన్ డయాక్సైడ్ బొగ్గుతో పోలిస్తే సుమారు సగమే అయినా, దారిలో లీకయ్యే మీథేన్ (ఈ గ్యాస్‌లోని ప్రధాన భాగం, అదీ భూమిని వేడెక్కించేదే) ఆ మేలును తినేస్తుంది. గాలి లేక, మబ్బు వీడక వరుసగా రోజులు గడిచినప్పుడు మాత్రం నేటి బ్యాటరీలు చాలవు, అప్పటికి ఈ కేంద్రాలు సిద్ధంగా ఉండాలి. అందుకే వాటిని లెక్కించేటప్పుడు మెగావాట్లతో పాటు ఇంధనం ఎక్కడుందో కూడా అడగండి. పక్కనే డీజిలు ట్యాంకు ఉండి, దానితోనూ నడవగల కేంద్రాన్ని, పైపును మాత్రమే నమ్ముకున్న కేంద్రాన్ని ఒకే గాటన కట్టకండి.